ఎమో అంటే ఏమో!

ఎమో అంటే ఏమిటి?

పాడినవాణ్ణి అడగండి. ఏమో అంటాడు. గిటారు వాయించినవాణ్ణి అడగండి. ఆ మాట నా దగ్గర ఎత్తొద్దంటాడు. టీషర్టు అమ్మేవాణ్ణి అడగండి. సైజెంత అంటాడు.

నలభై ఏళ్లుగా ఇదే తంతు. కన్నవాడు నాది కాదన్నాడు. పెంచినవాడు నాకు తెలీదన్నాడు. బిడ్డ నాలుగు రాళ్లు సంపాదించడం మొదలెట్టాక మాత్రం వాకిట్లో చుట్టాలు బారులు తీరారు. ఈ రకం చుట్టాలు మీకు కొత్తా?

1985. వాషింగ్టన్ నగరం. శ్వేతసౌధంలో రీగన్ రెండో విడత. ఊళ్లో హార్డ్‌కోర్ పంక్ జోరు. పాట ఒక నిమిషం, తన్నులాట అరగంట. వేదిక ముందు కండలు చూపించుకోడానికి వచ్చే మూక పెరిగింది. ఆ పాట పుట్టించిన పిల్లలకే అక్కడ నిలబడే చోటు లేకపోయింది. వాళ్లకు రోత పుట్టింది. రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ అనే బ్యాండ్‌లో గై పిచొట్టో అనే కుర్రాడు గొంతు చించుకుని పాడటం మొదలెట్టాడు. పోయిన స్నేహాలు, చేజారిన రోజులు, గుండెలో గోల. ప్రభుత్వాన్ని తిట్టే పాటలకు అలవాటుపడ్డ చెవులకు అది కొత్త. చేసిన కచేరీలు పట్టుమని ఇరవై ఉండవు. పూర్తి ఆల్బమ్ ఒక్కటే. దాంతోనే చరిత్రకెక్కారు.

ఆ వేసవిని 'రివల్యూషన్ సమ్మర్' అన్నారు. ఆ పేరు పెట్టింది డిస్కార్డ్ రికార్డ్స్‌లో పనిచేసే ఏమీ పికరింగ్ అనే అమ్మాయి. అదే వేసవిలో అవే పిల్లలు దక్షిణాఫ్రికా రాయబార కార్యాలయం ముందు చేరి, డబ్బాలూ డ్రమ్ములూ బాదుతూ జాతివివక్ష మీద చెవులు చిల్లులు పడేలా నిరసన తెలిపారు. గుర్తుంచుకోండి. ఏడ్చిందీ వాళ్లే, ధర్నా చేసిందీ వాళ్లే. తరవాత వచ్చిన వ్యాపారులు ఏం చేశారు? ధర్నాను కత్తిరించి చెత్తబుట్టలో పడేశారు. ఏడుపును మాత్రం ప్యాకెట్లలో పోశారు.

పేరు ఎలా వచ్చిందంటారా? ఎగతాళిగా వచ్చింది. 'ఎమోషనల్ హార్డ్‌కోర్' అన్నారు. అది ఎమోకోర్ అయింది. తోక తెగి ఎమో మిగిలింది. ఎంబ్రేస్ బ్యాండ్ గాయకుడు ఇయాన్ మకాయ్ వేదిక మీదే చెప్పేశాడు, తన జన్మలో ఇంత తలతిక్క మాట వినలేదని. పిచొట్టో అయితే ఎదురు ప్రశ్న వేశాడు: మాకు ముందు పాడినవాళ్లేమైనా మరమనుషులా? నిజమే కదా! 'భావావేశం ఉన్న పాట' అనడమంటే 'తడి ఉన్న నీళ్లు' అన్నట్టు. త్యాగయ్య ఆవేశం లేకుండానే అన్ని వందల కీర్తనలు కట్టాడా?

ఇక్కడ డబ్బు లెక్క చెప్పుకోవాలి. లేకపోతే తరవాతి బాగోతం అర్థం కాదు.

డిస్కార్డ్ కంపెనీ 1980లో పుట్టింది. మూలధనం టీన్ ఐడిల్స్ అనే కుర్ర బ్యాండ్ కచేరీల్లో కూడబెట్టుకున్న 600 డాలర్లు. రికార్డుల అట్టలు వాళ్లే కత్తిరించుకున్నారు, వాళ్లే అంటించుకున్నారు. బ్యాండ్లతో ఒప్పంద పత్రాలు లేవు. నోటిమాటే. తరవాత మకాయ్, పిచొట్టో ఇద్దరూ కలిసిన బ్యాండ్ ఫ్యుగాజీ. కచేరీ టికెట్ 5 డాలర్లు. ఏ వయసువాడైనా రావచ్చు. టీషర్టులు అమ్మరు. అమ్మకపోతే ఊరుకుంటారా? 'ఇది ఫ్యుగాజీ టీషర్టు కాదు' అని అచ్చేసి బయటివాళ్లు అమ్ముకున్నారు! జనంలో ఎవడైనా పక్కవాణ్ణి గుద్దుతూ కనిపిస్తే పాట ఆపేవారు. వాడి చేతిలో ఒక కవరు పెట్టేవారు. అందులో 5 డాలర్లు. నీ డబ్బు నీకిచ్చేశాం, దయచెయ్యి నాయనా.

వీళ్లను పిచ్చివాళ్లన్నారు. అనరా మరి? దుకాణం తెరిచి సరుకు అమ్మననేవాణ్ణి ఏమంటారు?

తొంభైల్లోకి వద్దాం. అభిమానులం మనమేం తక్కువ తిన్నామా? జాబ్రేకర్ అనే బ్యాండ్ పెద్ద కంపెనీల గడప తొక్కబోమని చెబుతూ వచ్చింది. తరవాత పది లక్షల డాలర్లకు గెఫెన్ కంపెనీ గడప తొక్కింది. 1995లో ఆల్బమ్ వచ్చింది. అభిమానులు కచేరీకి టికెట్ కొనుక్కుని మరీ వచ్చారు. కొత్త పాట మొదలవగానే వీపులు తిప్పి కింద కూర్చున్నారు. ద్రోహులన్నారు. వెలేశారు. 1996లో బ్యాండ్ చీలిపోయింది. 2017లో షికాగోలో మళ్లీ వేదికెక్కితే? ఆనందబాష్పాలు! ఇరవై ఏళ్లలో అభిమానులకు ఉద్యోగాలొచ్చాయి, ఇళ్ల వాయిదాలొచ్చాయి, ద్రోహమంటే ఏమిటో కొత్త అర్థం తెలిసొచ్చింది.

వీజర్ బ్యాండ్ 'పింకర్టన్' గతీ అంతే. 1996లో 'రోలింగ్ స్టోన్' పాఠకులు ఆ ఏడాది చెత్త ఆల్బమ్‌లలో దానికి పీట వేశారు. ఎనిమిదేళ్లకు అదే పత్రిక అయిదుకు అయిదు నక్షత్రాలిచ్చింది. పాటలు మారాయా? అక్షరం మారలేదు. గాలి మారింది.

జిమ్మీ ఈట్ వరల్డ్‌ను కాపిటల్ కంపెనీ 'క్లారిటీ' ఆల్బమ్ తరవాత వదిలించుకుంది. వాళ్లు సొంత డబ్బుతో ఇంకోటి రికార్డు చేసుకున్నారు. 2001లో అది దుమ్ము రేపింది. అప్పుడు తెలిసింది కంపెనీలకు. ఏడుపుకు గిరాకీ ఉందని!

ఇంకేముంది. మాల్‌లో హాట్ టాపిక్ దుకాణం. నల్ల టీషర్టు, నల్ల కాటుక, గుబ్బల బెల్టు. కంటి మీద పడే జుట్టు. వేసవి రాగానే బూట్ల కంపెనీ పేరుతో ఊరూరా వార్ప్‌డ్ టూర్. వ్యవస్థ మీద తిరుగుబాటు, సౌజన్యం: బూట్ల కంపెనీ! మన దగ్గర భావకవుల జులపాలు చూసి జనం నవ్వుకున్నారు గానీ, ఆ జులపాలను సీసాలో పెట్టి అమ్మాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. కృష్ణశాస్త్రి అదృష్టవంతుడు.

ఇక మైస్పేస్ వెబ్‌సైటు. పిల్లలు రాత్రి తలుపులేసుకుని గదిలో రికార్డు చేసిన పాటలన్నీ అక్కడే పెట్టుకున్నారు. 2005లో రూపర్ట్ మర్డోక్ కంపెనీ దాన్ని 58 కోట్ల డాలర్లకు కొనేసింది. ఆరేళ్లకు చవగ్గా వదిలించుకుంది. చేతులు మారింది, మళ్లీ మారింది. 2019లో చావుకబురు చల్లగా చెప్పారు. సర్వర్లు మారుస్తుంటే పన్నెండేళ్ల పాటలు పోయాయట. సారీ అట. పిల్లాడు గిటారు తీగ తెంపుకుంటే క్రమశిక్షణ లేదంటారు. కంపెనీ ఒక తరం గొంతు మొత్తం పారేసుకుంటే దాన్ని సాంకేతిక లోపం అంటారు.

ఈ మధ్యలో మై కెమికల్ రొమాన్స్ వచ్చింది. 2006లో 'ద బ్లాక్ పెరేడ్' ఆల్బమ్. ప్రపంచం మొత్తం వేలు చూపించి ఎమో అంది. గాయకుడు జెరార్డ్ వే ఎమో అంటేనే చెత్తకుప్ప అన్నాడు. ఆ గొడవ మనకెందుకు? పత్రికలకు ఆ మాట దొరికింది. చాలదా?

2008. ఇంగ్లండ్‌లో అంతకు ముందు ఏడాది ఆత్మహత్య చేసుకున్న 13 ఏళ్ల అమ్మాయి మృతిపై విచారణ జరిగింది. ఒక ఇంట్లో దీపం ఆరిపోయింది. డైలీ మెయిల్ పత్రికకు మాత్రం శీర్షిక వెలిగింది. ఎమో ఒక ముఠా అట, మీ పిల్లలు జాగ్రత్త అట. ఆ బడిలో ఆ పిల్లతో మాట్లాడే మనిషి ఉన్నాడా? ఊళ్లో వైద్యం ఉందా? ఎవడిక్కావాలి! జుట్టు ఫోటో ఉందిగా. తాము హింసకూ ఆత్మహత్యకూ వ్యతిరేకమని మై కెమికల్ రొమాన్స్ బ్యాండ్ చెప్పుకోవాల్సి వచ్చింది. మే 31న అభిమానులు, వాళ్లలో అమ్మలూ ఉన్నారు, లండన్‌లో పత్రిక కార్యాలయం ముందు నిలబడి నిరసన తెలిపారు. పత్రిక తన తప్పేమీ లేదంది. అనకపోతేనే ఆశ్చర్యం.

నవ్వే ఆడదాన్నీ, ఏడ్చే మగవాణ్నీ నమ్మొద్దని మనకో దిక్కుమాలిన సామెత. అది మనకే ఉందనుకున్నాం. అన్ని దేశాల్లోనూ ఉంది. అదే ఏడాది మార్చిలో మెక్సికోలోని కెరెతారో పట్టణ కూడలిలో వందలమంది కుర్రాళ్లు పోగయ్యారు. ఎందుకు? ఎమో పిల్లల్ని కొట్టడానికి. ఇంటర్నెట్‌లో ముహూర్తం పెట్టుకుని మరీ వచ్చారు. మగపిల్లాడు కాటుక పెట్టుకున్నాడట. ఏడుస్తున్నాడట. మగతనానికి ముప్పు వచ్చిందట! ఇద్దరు ముగ్గుర్ని వందమంది కొడితే నిలబడే మగతనం ఎంత గట్టిదో చూడండి.

అదే ఏడాది మాస్కోలో రష్యా పార్లమెంటు దూమా సభ్యులు ఎమోను జాతి సుస్థిరతకు ముప్పుగా పరిగణించి చర్చ పెట్టారు. బడుల్లో, ప్రభుత్వ భవనాల్లో ఆ వేషం నిషేధించాలన్నారు. అణ్వస్త్రాలున్న దేశం అండీ. నుదుటి మీది జుట్టుకు భయపడింది.

ఇంతవరకూ నవ్వాం. 2012లో బాగ్దాద్ దగ్గర నవ్వు ఆగిపోతుంది. ఇరాక్ హోంశాఖ అధికారికంగా ప్రకటన ఇచ్చింది. ఎమో పిల్లలు సైతానును పూజిస్తారని. బిగుతు బట్టలు, పుర్రె బొమ్మలు, ముక్కుకు రింగులు గుర్తుపట్టే ఆనవాళ్లని. వారాల్లోనే గోడల మీద పేర్ల జాబితాలు వెలిశాయి. పిల్లల్ని చంపేశారు. కొందరి తలలు సిమెంటు దిమ్మెలతో పగలగొట్టారు. వాళ్లలో ఎంతమంది రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ పేరు విని ఉంటారు? ఎంతమంది గిటారు ముట్టుకుని ఉంటారు? పాడినవాడికే అర్థం తెలియని మాట. పోలీసుకు మాత్రం పక్కాగా తెలుసు. పాడినవాళ్లకు ఏమో. అమ్మినవాడికి, అచ్చేసినవాడికి, చంపినవాడికి సందేహమే లేదు.

అయితే ఆ సామెతలో రెండో సగాన్ని పూర్తిగా కొట్టిపారేయడానికీ లేదు. ఏడ్చే మగవాడి పాటల్లో అమ్మాయి ఎక్కడుంది? 2003లో 'పంక్ ప్లానెట్' పత్రికలో జెస్సికా హాపర్ ఇదే అడిగింది. ఈ పాటల్లో అమ్మాయిలకు పేర్లుండవు, పనులుండవు, మాటలుండవు. వదిలేసి వెళ్లడం ఒక్కటే వాళ్ల ఉద్యోగం. వేదిక మీద అంతా అబ్బాయిలే. కింద నిలబడి ప్రతి చరణం బట్టీపట్టి పాడేది అమ్మాయిలు. అంటే తమను తిట్టే పాటకు తామే కోరస్! ఆ 1985 వేసవికి పేరు పెట్టింది ఆడపిల్ల అని పైన చెప్పుకున్నాం. ఇరవై ఏళ్లు తిరక్కుండానే ఆమెను పాటలోకి నెట్టి తలుపేశారు. 2017లో ఒక పెద్ద బ్యాండ్ గాయకుడి మీద ఆరోపణలొచ్చి టూరు ఆగిపోయినప్పుడు అందరూ నివ్వెరపోయారు. హాపర్ నివ్వెరపోయి ఉంటుందా?

ఆ తరవాత ర్యాప్ వంతు. లిల్ పీప్ అనే కుర్రాడు పాత ఎమో గిటార్ల ముక్కల మీద తన బాధ పరిచాడు. మత్తు గురించి దాచకుండా పాడాడు. వినేవాళ్లు కోట్లమంది. విన్నవాడు ఒక్కడూ లేడు. 2017 నవంబర్‌లో టూరు బస్సులో చనిపోయాడు. వయసు 21. ఇంకో ర్యాపర్ జ్యూస్ వరల్డ్, 2019 డిసెంబర్. వయసు 21. ఇద్దరికీ చనిపోయాక ఆల్బమ్‌లు వచ్చాయి. జ్యూస్ వరల్డ్‌ది 2020లో అమెరికా చార్టుల్లో మొదటి స్థానం. చచ్చినవాడి కళ్లు చారెడు. శవాల మీద పేలాలు ఏరుకోవడమంటే మన దగ్గర తిట్టు. అక్కడ అదొక విభాగం. దానికో మేనేజరు ఉంటాడు.

ఇప్పుడు పండగ సీజన్ నడుస్తోంది. ఏ ఆల్బమ్‌కైనా ఇరవై ఏళ్లు నిండితే చాలు, తద్దినం టూరు. మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరస తప్పకుండా. ఊరికే వాళ్లను చూసి నవ్వకండి. ఫోర్‌కే రీరిలీజుకు తెర ముందు కాగితాలు చింపిపోసే జాతి మనది.

2022 అక్టోబర్. లాస్ వేగాస్. 'వెన్ వుయ్ వర్ యంగ్' జాతర. మై కెమికల్ రొమాన్స్, పారామోర్, ఇంకా డజన్ల బ్యాండ్లు. కనీస టికెట్ 200 డాలర్ల పైమాట. నీడన సోఫాలేసి కూర్చునే ప్రత్యేక గుడారం ధర 12 వేలు దాటింది. ఫ్యుగాజీ నాటి 5 డాలర్లకు ధరల పెరుగుదల మొత్తం కలుపుకున్నా 13 దగ్గర ఆగాలి. మిగతాది దేనికి? జ్ఞాపకాలకా? మన జ్ఞాపకాలను మనకే అమ్ముతున్నారంటే సరుకు వాళ్ల చేతికి ఎప్పుడు చేరినట్టు?

మొదటి రోజు పొద్దున గాలి లేచింది. ఈదురుగాలి. జాతర రద్దన్నారు. దేశం నలుమూలల నుంచి విమానాలెక్కి వచ్చిన ముప్పై అయిదేళ్ల నల్ల చొక్కాలు వీధుల్లో నిలబడిపోయాయి. అప్పుడు కొన్ని బ్యాండ్లు ఓ పని చేశాయి. ఊళ్లో చిన్న బార్లు, క్లబ్బులు వెతుక్కున్నాయి. తీగలు తగిలించుకుని ఆ రాత్రి అక్కడే వాయించాయి. ఇరుకు గది, తక్కువ కప్పు, చెమట, ముందు వరసలో గాయకుడి మైకు మీద పడి పాడే జనం. గుడారాల్లేవు.

మర్నాడు గాలి తగ్గింది. గేట్లు తెరిచారు. గుడారాలు నిండాయి. టీషర్టుల దగ్గర మళ్లీ వరస కట్టారు.

సైజెంత?