ఆ ఒక్క టికెట్

చాలా ఫలితాలు కొన్ని కారణాల వల్లే వస్తాయనే ఎనభై–ఇరవై సూత్రం నాకు తెలియనిది కాదు. ఇటలీలో భూమిలో ఎక్కువ భాగం కొద్దిమంది చేతుల్లోనే ఉందని ఆర్థికవేత్త పరేటో చూపించిన సంగతీ, నాణ్యతా నిపుణుడు జురాన్ దాన్ని ఫ్యాక్టరీల నాణ్యత లెక్కల్లోకి తెచ్చిన సంగతీ టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకు నేనే చెప్పేవాణ్ణి. 2002లో మైక్రోసాఫ్ట్ సీఈవో స్టీవ్ బామర్ కస్టమర్లకు రాసిన లేఖ గురించి మరీ ఇష్టంగా చెప్పేవాణ్ణి. దాదాపు 80 శాతం ఎర్రర్లు 20 శాతం బగ్స్ వల్లే వస్తున్నాయనీ, సగం ఎర్రర్లకైతే ఒక్క శాతం బగ్సే కారణమనీ అందులో ఉంది.

ఇంత తెలిసీ, మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌కు కూతవేటు దూరంలో ఉన్న ఆఫీసులో కూర్చుని నేను చేసిన పని వేరు. రాగానే సరిచేయాల్సిన తప్పుల టికెట్ల జాబితా తెరిచి తేలికవి ఏరుకునేవాణ్ణి. బటన్ రంగు, స్పెల్లింగ్ తప్పు, సరిగ్గా పడని తేదీ. సాయంత్రానికి చాలా క్లోజ్ అయ్యేవి. స్టాండప్ మీటింగ్‌లో చెప్పుకోవడానికి నిండుగా ఉండేది.

ఒక టికెట్ మాత్రం ఒక స్ప్రింట్ (పని విడత) నుంచి ఇంకో స్ప్రింట్‌కు జరుగుతూనే ఉండేది. మా చెల్లింపుల యాప్‌లో కస్టమర్‌కు డబ్బు రెండుసార్లు కట్ అవుతోంది. ఆ కోడ్ రాసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. ముట్టుకుంటే ఇంకేం చెడుతుందోనని నా భయం. అడిగినవాళ్లకు మాత్రం తీరిక లేదనేవాణ్ణి.

ఒకరోజు వేరే పని మీద కింది అంతస్తులో కస్టమర్ కేర్ దగ్గరికి వెళ్లాను. హెడ్‌సెట్ పెట్టుకున్న అమ్మాయి ముందు ఒక కాగితం అంటించి ఉంది. డబ్బు రెండుసార్లు పోయిందని ఫోన్ చేసినవాళ్లకు చెప్పాల్సిన క్షమాపణ అది. అంచులు నలిగిపోయాయి. నేనెవరో తెలిశాక ఆమె, "అన్నా, ఈ ఒక్కటి చూడండి చాలు, మిగతావి మేం మేనేజ్ చేసుకుంటాం" అంది. జీతాలు పడే రోజుల్లో కట్టిన అద్దె రెండుసార్లు పోయి ఏడ్చినవాళ్ల సంగతీ చెప్పింది. వాళ్ల గొంతులు ఆమె వింటుంటే పైన నేను బటన్ల రంగులు దిద్దుతున్నాను. అది తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పైకి వచ్చి ఆ టికెట్ తెరిచాను. కారణం పట్టుకోవడానికే రోజులు పట్టాయి. సర్వర్ నుంచి జవాబు ఆలస్యమైతే యాప్ అదే చెల్లింపును మళ్లీ పంపుతోంది, సర్వర్ దాన్ని కొత్త చెల్లింపుగా తీసుకుంటోంది. ప్రతి చెల్లింపుకూ ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి, అదే సంఖ్య మళ్లీ వస్తే డబ్బు తీయకుండా ఆపాం. రాసిన కోడ్ కొంచెమే. ఆ నెల నేను వదిలేసిన చిన్న టికెట్ల గురించి ఎవరూ అడగలేదు.