సూర సలాడు పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

సూర ముక్క లుడికి చూర్ణమై చల్లారి
నిమ్మరసము పెరుగు నిండఁ గలిపి
ఉల్లి మిరప కీర లొక్కటిగాఁ జేర్చి
తిన్నవాఁడు మరలఁ దినఁడు పులుసు

అవతారిక

ఈ పద్యకర్త ఎవరో తెలియదు. పొట్ట తగ్గించుకోవాలనుకున్నవాడని మాత్రం పద్యమే చెబుతోంది. ఛందస్సు ఆటవెలది. మూడో పాదం అచ్చుతో మొదలైందని పండితులు గింజుకోవచ్చు గానీ, ఉల్లిపాయ కోస్తూ కన్నీళ్లు పెట్టుకున్నవాడికి యడాగమం గుర్తుంటుందా?

పద్యం మాదంటే మాదని మూడూళ్లు తగువాడుతున్నాయి. కవులు పుట్టేది మా ఊళ్లోనే గదా అని తెనాలి వాదన. 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉన్న ఊరు, తూకాలూ కొలతలూ మాకు కాక ఇంకెవరికి తెలుసని బాపట్ల వాదన. రేపల్లె ఏమీ వాదించదు, చేప మా దారినే రావాలంటుంది. కాలం విషయంలో మాత్రం తగువు లేదు. వీరమాచనేని రామకృష్ణ గారి పథ్యం ఊపు మీద కొబ్బరినూనె కొలుచుకుని, నిమ్మకాయలు లెక్కపెట్టుకుని తాగిన ఇళ్లు ఇప్పుడు ప్రొటీన్ గ్రాములు లెక్కపెడుతున్నాయి. ఆ రెండు పథ్యాల సంధికాలంలో పుట్టిన పద్యమిది.

కోలాచలం మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు సంజీవనీ వ్యాఖ్య రాశారు. సూరి గారు సూరను ముట్టి ఉండరు గనక ఈ భారం మన నెత్తిన పడింది.

టీక

సూర = డబ్బాల మీద ట్యూనా అని రాసి ఉండే చేప. సొర అని చదవరాదు. సొర వేరు, అది షార్కు. బాలింతలకు పిట్టు చేసి పెట్టేది దాన్ని. సొరకాయ అసలు చేపే కాదు. సూర తెమ్మని పంపితే సొరకాయ చంకన పెట్టుకొచ్చే పెద్దమనుషులు ఉంటారు గనక ఇంత వివరం.

ఇది దొరికే చోటు రేపల్లెకు దిగువన ఉన్న నిజాంపట్నం రేవు. 1611లో ఇంగ్లీషు కంపెనీ వారి గ్లోబ్ అనే ఓడ వచ్చి ఆగిన తీరమే అది. వాళ్లు బట్టల బేరానికి వచ్చారు, చేప జోలికి పోలేదు. సూరను డబ్బాలో పెట్టి అమ్మాలన్న బుద్ధి ఆ తర్వాత మూడు వందల ఏళ్లకు కాలిఫోర్నియాలోని శాన్ పెడ్రోలో పుట్టింది. 1903లో అక్కడ కవళ్లు పడక, డబ్బాలు ఖాళీగా ఉండిపోతే వాటిలో సూరను నింపారు. ఆవిరి మీద ఉడికిస్తే కండ తెల్లబడి కోడిమాంసంలా ఉందని జనం ఎగబడ్డారు. అలా తప్పనిసరై పుట్టిన సరుకును, రేవు పక్కన కాపురం పెట్టుకుని, సూపర్ మార్కెట్‌లో డబ్బాలెక్కన కొనడం ఎందుకో వ్యాఖ్యాతకు బోధపడలేదు. దూరదేశంలో ఉన్న పిల్లలకు డబ్బాయే గతి. వాళ్లు నూనెలో వేసింది కాక నీళ్లలో వేసింది తీసుకుని, పిండి వాడుకోవచ్చు.

ముక్కలు = తోలూ ముల్లూ తీసినవి. సూర కండ కోస్తే ఎర్రగా ఉంటుంది, చూసి జడుసుకోనక్కరలేదు. వెన్నుముల్లుకు ఆనుకుని ముదురు రంగు కండ ఒక చార ఉంటుంది. నీచువాసన అంతా దానిదే. దాన్ని చాకుతో తీసి పిల్లికి వేయండి.

ఉడికి = ఉప్పు, పసుపు, కాసింత నిమ్మరసం పట్టించి, ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద పది నిమిషాలు. ఎరుపు పోయి, వేలితో నొక్కితే రేకులు రేకులుగా విడిపోవాలి. చూర్ణమై అన్నారు గదా అని మిక్సీలో వేస్తే పచ్చడి అవుతుంది.

చల్లారి = పూర్తిగా ఆరి. వేడి మీద పెరుగు కలిపితే విరిగి నీళ్లోడుతుంది.

పెరుగు = ఇక్కడ పెద్ద పూర్వపక్షం లేస్తుంది. "చేపలో పెరుగేంటే అమ్మాయ్, ఒళ్లంతా బొల్లొస్తుంది" అని అత్తగారు. ఊరికే అన్నమాట కాదు. చేపనూ పాలనూ కలపడం విరుద్ధాహారమని చరకసంహితే చెప్పింది. కానీ బొల్లికీ ఈ కలయికకూ సంబంధం ఉందని ఆధునిక వైద్యం ఒప్పుకోదు. బెంగాలీలు పెరుగులో చేప వండుకుని తరతరాలుగా తింటున్నారు, వాళ్ల ఒంటి రంగు వాళ్లకే ఉంది. ఇది సిద్ధాంతం. అయినా శాస్త్రం కంటే అత్తగారి ఆజ్ఞ బలీయం గనక, ఆ ఇళ్లలో పెరుగు మానేసి, వేయించిన వేరుశెనగపప్పు పొడీ నిమ్మరసమూ వాడితే రుచికి లోటు రాదు.

పెరుగు వాడేవారు దాన్ని పలచని గుడ్డలో మూటగట్టి, ఒక పూట కొక్కేనికి వేలాడదీయాలి. మన డెల్టా గేదెపెరుగు అసలే గడ్డ. నీరు కారాక అది మయొనైజును తలదన్నుతుంది. ఒక టేబుల్ స్పూను మయొనైజులో దాదాపు 90 కెలోరీలు, అంతా నూనె. ఒళ్లు తగ్గడానికి సలాడు తింటూ దాన్ని కుమ్మరించుకోవడం ఏకాదశి నాడు ఉపవాసమని చెప్పి ఉప్మా రెండుసార్లు వడ్డించుకోవడమే.

ఉల్లి, కీర = స్పష్టం. కీరను ఉప్పు రాసి పిండాలి.

మిరప = పచ్చిమిరప. మిరపను కవి మూడో పాదం దాకా రానివ్వలేదు. ఇందులో గూఢార్థం ఉంది. సూరను ఐసు లేకుండా ఎండలో వదిలేస్తే కండలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి, తల పగిలిపోతూ, ఒళ్లు దురదలు పుడతాయి. ఎంత ఉడికించినా అది పోదు. వాసనకు కూడా ఒక్కోసారి దొరకదు. నాలుక మీద కారంగా చురుక్కుమనడం దాని గుర్తు. గుంటూరు జిల్లాలో పుట్టి, కారం ముందే దట్టించేస్తే ఆ చురుకు ఎవరికి తెలుస్తుంది? కాబట్టి మొదటి పాదంలోనే నాలుక చురుక్కుమంటే రెండో పాదానికి పోకుండా మొత్తం పారేయాలని కవిహృదయం.

తాత్పర్యం

వంద గ్రాముల పచ్చి సూరలో 23 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. మూటగట్టిన పెరుగు నాలుగు గరిటెలు కలిపితే ఇంకో నాలుగైదు. పక్కన ఉడికించిన గుడ్డు పెట్టుకుంటే మరో ఆరు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రకారం పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు చాలు. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. అంటే ఒక్క గిన్నెతో సగానికి పైగా తీరిపోయింది. జిమ్ములో బరువులెత్తేవారు ఇంకాస్త తినొచ్చు. ఎత్తకుండా తిన్నంత మాత్రాన కండ రాదు. మూత్రపిండాల జబ్బున్నవారు డాక్టరుగారిని అడగనిదే ఈ లెక్కల జోలికి పోకూడదు. పెద్ద సూరల్లో పాదరసం ఎక్కువ చేరుతుంది గనక గర్భిణులకూ చిన్నపిల్లలకూ చిన్న చేపలే మేలు.

శాకాహారులు "సూర" అన్న చోట "పెసలు" అని చదువుకోవచ్చు. యతి చెడుతుంది, ఆరోగ్యం చెడదు. ఎండు పెసల్లో వందకు 24 గ్రాముల ప్రొటీన్ అని మురిసిపోవద్దు. ఉడికి నీళ్లు తాగాక అదే వందలో మిగిలేది ఏడే.

పాఠభేదాలు

నాలుగో పాదంలో "తినఁడు పులుసు" అన్నది తెనాలి పాఠం. సలాడు రుచి మరిగినవాడు ఇక పులుసు ముట్టడని వారి అన్వయం. రేపల్లె పాఠం "తినును పులుసు". రెండక్షరాలే తేడా, కాపురాలు నిలబడేది వాటి మీదే. బాపట్ల ప్రతిలో సరిగ్గా ఆ అక్షరాల మీదే నూనె మరక పడింది. చింతపండు వాసన కూడా వస్తోందని చూసినవారంటున్నారు. మరక ఎటువైపు సాక్ష్యమో వేరే చెప్పాలా?

పైగా పులుసు ముక్కలోనూ ప్రొటీన్ అంతే ఉంటుంది. ఒళ్లు చేయించేది దాని కింద గుట్టపోసే అన్నం. అందువల్ల రేపల్లె పాఠమే గ్రాహ్యం. మధ్యాహ్నం సలాడు, మర్నాడు పులుసు. అన్నం మాత్రం ఒక్క గరిటె తగ్గించండి, చేప ఏదైనా ఐసు పెట్టెలోంచే తీయించుకోండి.