మొదటి పేజీ ఆల్జీబ్రా

ఇంటర్ ఫలితాల మర్నాడు పేపరు తెరిస్తే మొదటి పేజీలో వార్త అనేది లేదు. అన్నీ పిల్లల మొహాలే. 470కి 468. పక్కన 468. దాని కింద 468. ఓ మూల, చేయరాని నేరమేదో చేసినట్టు, 467. అందరి మెడలోనూ ఒకటే నీలం టై. అది కట్టింది డిజైనింగ్ సెక్షన్ కుర్రాడని కాస్త దగ్గరగా చూస్తే తెలిసిపోతుంది. ఒకబ్బాయికి ముడి గడ్డం మీద పడింది.

మీరూ చూసే ఉంటారు, కాలేజీ పేరు నేను చెప్పనక్కర్లేదు. చూశాక నాకు అర్థమైంది, ప్రభుత్వాలు అనవసరంగా అవస్థ పడుతున్నాయని. మాథ్స్ వన్-ఏ, వన్-బీ అని రెండు పేపర్లు పెట్టడం, ఆంధ్రలో 2025-26 నుంచి ఆ రెంటినీ కలిపేసి 100 మార్కులకు ఒకే పేపరు చేయడం, తెలుగు అకాడమీ పుస్తకాలు వేళకు వచ్చాయా లేదా అని తగువులాడుకోవడం... ఇదంతా దేనికి? ఇంటర్ ఆల్జీబ్రా సిలబస్ మొత్తం ఆ ఒక్క పేజీలో ఉంది. బోర్డువారు దాన్నే పాఠ్యపుస్తకంగా ప్రకటించేస్తే అచ్చు ఖర్చు కూడా మిగులుతుంది. ఖర్చు కాలేజీలే పెట్టుకుంటాయి, తర్వాత మన ఫీజులో కలుపుకుంటాయి. వచ్చే ఏడు చేరబోయే పిల్లల సౌకర్యార్థం అధ్యాయాలవారీగా మనవి చేసుకుంటున్నాను.

మొదటిది ప్రమేయాలు, పిల్లలు ఫంక్షన్స్ అంటారు. నియమం చాలా సులువు. ప్రదేశంలో ఉన్న ప్రతి మూలకానికీ ఒక్కటంటే ఒక్కటే ప్రతిబింబం ఉండాలి. ఇప్పుడు రెండో వరుసలో మూడో అమ్మాయిని చూడండి. చూసి పేజీ తిప్పండి. అదే అమ్మాయి, అదే నవ్వు, ఇంకో కాలేజీ ప్రకటనలో. ఇంకో పేజీ తిప్పితే మూడో కాలేజీలో. మా హాస్టల్లోనే చదివిందని ఒకరు, మా ఆన్‌లైన్ టెస్టులు రాసిందని ఒకరు, ఆరో తరగతిలో ఫౌండేషన్ వేసింది మేమేనని మరొకరు. ఒక మూలకానికి మూడు ప్రతిబింబాలుంటే అది ప్రమేయం కాదు, ఉత్త సంబంధం. అదీ డబ్బు సంబంధం. కోచింగ్ సెంటర్లు ర్యాంకరు ఫొటో వేసుకుంటే ఏ కోర్సులో చేరాడో, ఎన్నాళ్లు చదివాడో కూడా చెప్పి తీరాలని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2024 నవంబరులో నిబంధనలు పెట్టింది. మన మొదటి పేజీల్లో ఆ వరుస కోసం భూతద్దం పట్టుకుని వెతుక్కోవాలి.

రెండోది గణితానుగమనం, అదే ఇండక్షన్. ఏళ్లుగా వన్-ఏలో గ్యారంటీగా ఏడు మార్కులిచ్చిన ప్రశ్న ఇది. మూడు మెట్లు. ఒకటికి నిజమని చూపాలి. కె-కి నిజమని అనుకోవాలి. అక్కణ్నుంచి కె ప్లస్ వన్‌కీ నిజమేనని నిరూపించాలి. ప్రకటనలో ఒకటి ఉంది, టై కట్టుకుని. కె అంటే పక్కింటివాళ్లబ్బాయి. అక్కడే చేరాడట, బాగా చదువుతున్నాడట. అనుకోవడమే. కె ప్లస్ వన్ మనబ్బాయి. మధ్యలో ఉండాల్సిన నిరూపణను పీఆర్వో గారు ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ, నోటితోనే కానిచ్చేసి, టెన్త్ పరీక్షలు కాకముందే అడ్వాన్సు పట్టుకెళ్తారు. ఆ మెట్టు రాయకపోతే పేపరు దిద్దే సారు మార్కులు కోసేస్తారు. ఇక్కడ ఆ మెట్టు లేనందుకే మనం డబ్బు కడతాం.

తర్వాత మాత్రికలు. సంఖ్యల్ని అడ్డు వరుసల్లో, నిలువు వరుసల్లో పేర్చడం. మొదటి వరుస ఫొటోలు పెద్దవి. రెండో వరుసవి అందులో సగం. మూడో వరుసలో ఎవరి పిల్లాణ్ని వాళ్లు గుర్తుపట్టడమే కష్టం. ఆ కింద ఫొటోలుండవు, హాల్‌టికెట్ నంబర్లే. మార్కు తగ్గేకొద్దీ మనిషి ఎలా సంఖ్య అయిపోతాడో ఇంత తేటగా ఏ లెక్చరరూ బోర్డు మీద చెప్పలేడు.

సెకండియర్‌కి వస్తే సంకీర్ణ సంఖ్యలు. కాలేజీ ఫీజు ఎప్పుడూ ఏ ప్లస్ ఐ బీ రూపంలోనే ఉంటుంది. ఏ అంటే రసీదు ఇచ్చేది, బీ అంటే ఇవ్వనిది. పుస్తకంలో ఏ-ని వాస్తవ భాగమనీ బీ-ని కల్పిత భాగమనీ అంటారు. కౌంటర్ దగ్గర గంటసేపు నిలబడినవాళ్లెవర్నైనా అడగండి, అకాడమీవారు పేర్లు తారుమారుగా పెట్టారంటారు.

ప్రస్తారాలు, సంయోగాలు. మొదటి పది ర్యాంకుల్లో మావి ఎన్ని అని ప్రతి కాలేజీ వేసుకునే లెక్కలన్నీ కూడి చూడండి, పది దాటిపోతాయి. రాష్ట్రంలో ఫస్టు, జిల్లాలో ఫస్టు, కేటగిరీలో ఫస్టు, అమ్మాయిల్లో ఫస్టు, ఆ బ్రాంచీలో ఆ బిల్డింగులో ఫస్టు. ఇన్ని విధాల ఎంచుకోవచ్చని తెలిశాక సెకండొచ్చినవాడు రాష్ట్రంలోనే మిగలడు.

పాక్షిక భిన్నాలు. ఉన్నదాన్ని ముక్కలు చేయడం. జూన్‌లో ఒకే తరగతిగా చేరిన పిల్లలు దసరా నాటికి పై బ్యాచ్, నడిమి బ్యాచ్, కింది బ్యాచ్ అయిపోతారు. పాఠం బాగా చెప్పే సారు పై బ్యాచ్‌కి. ఆ సారు నోట్సు జిరాక్సు కింది బ్యాచ్‌కి. ఫీజును మాత్రం ఎవరూ ముక్కలు చేయరు. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయడం వీలైనంతవరకూ మానుకోవాలని 2025 జూలై 25న సుప్రీంకోర్టు చెప్పింది. అందులో మన కాలేజీలకు బాగా నచ్చింది వీలైనంతవరకూ అన్న మాట.

ఇక సంభావ్యత. ఇక్కడికొచ్చేసరికి నా పాఠ్యపుస్తకం చతికిలబడింది. ఈ అధ్యాయానికి ఆయువుపట్టు ఒకటే సూత్రం: అనుకూలమైనవి పైన, మొత్తం కింద. ఆ ప్రకటనను ఫోన్ నంబర్లు, బ్రాంచీల పేర్లు, చుక్క గుర్తు పెట్టి అడుగున వేసిన సన్నక్షరాలతో సహా చదివాను. పైన ఉండాల్సినవన్నీ ఉన్నాయి. కింద ఉండాల్సింది లేదు. 468 ఎంతమందికి వచ్చిందో ఉంది, ఎంతమందిలో వచ్చిందో లేదు. పేజీ నిండా లవాలే, ఒక్క హారమూ లేదు.

టెన్త్ మార్కులు చూసి, ఫీజు మాఫీ చేసి, ఇంటికెళ్లి బతిమాలి తెచ్చుకున్న పిల్లలు వాళ్లలో ఎందరు? ఎక్కడ చదివినా వాళ్లకు ఆ మార్కులు వచ్చేవేమో కదా? ఈ ప్రశ్న ఎవరూ వేయకుండా ఉండడానికే మొదటి పేజీ అంతా కొనేది.

హారంలో ఎవరున్నారో మనకు తెలియదా? ఫెయిలైనవాళ్లున్నారు. సంక్రాంతికి ఇంటికెళ్లి మళ్లీ రానివాళ్లున్నారు. కింది బ్యాచ్‌లో కూర్చుని, ఆదివారం నాన్న ఫోన్ చేస్తే బాగానే చదువుతున్నానని చెప్పేవాళ్లున్నారు. చనిపోయిన పిల్లలున్నారు. ఈ చావుల మీద 2001లో నీరదారెడ్డి కమిటీ వేశారు. 2017లో చక్రపాణి కమిటీ వేశారు. కమిటీల నివేదికలు రఫ్ వర్క్ కింద పోయాయి, పిల్లలు చనిపోతూనే ఉన్నారు. సుప్రీంకోర్టు పైన చెప్పిన ఆ జూలై తీర్పులో 15 మార్గదర్శకాలు ఇచ్చింది. అది విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసు. హాస్టల్ గదిలో ఎలాంటి సీలింగ్ ఫ్యాన్ బిగించాలో దేశంలోకెల్లా పెద్ద కోర్టు చెప్పాల్సి వచ్చింది. చదువు చెప్పే చోటుని ఆ స్థితికి తెచ్చినవాళ్లు ఏటా ఏప్రిల్లో టైలు అతికించిన ఫొటోలేసి పండగ చేసుకుంటారు. సిగ్గు లేకపోతే పోనీ, కనీసం లెక్క అయినా ఉండొద్దా?

ఇండక్షన్ ప్రశ్నకు ఏడుకు ఏడు తెచ్చుకున్న పిల్లాడు ఆ పేజీ చూడగానే మధ్యలో మెట్టేదీ, కింద హారమేదీ అని అడగగలగాలి. అందుకే ఆల్జీబ్రా నేర్చుకోవాలి. మనం వాడికి అడగడం నేర్పలేదు. కె తీసేసి కె ప్లస్ వన్ పెట్టి, అడుగున గీత గీసి, తర్వాతి ప్రశ్నకు పొమ్మన్నాం. పత్రికలదీ తక్కువ పాపం కాదు. సంపాదకీయంలో కార్పొరేట్ చదువుల మీద కన్నీళ్లు, మొదటి పేజీలో వాళ్ల ప్రకటన. ఈ కాలమ్ అచ్చయ్యే కాగితం ఖర్చులో ఆ డబ్బూ కలిసే ఉంది.

ఇంటర్ బోర్డులకు ఒక్కటే చెబుతున్నా. కాలేజీలకు గుర్తింపు ఇచ్చేది మీరు, హాల్‌టికెట్లు ఇచ్చేది మీరు. ఏ కాలేజీలో ఎంతమంది చేరారు, ఎంతమంది పరీక్ష రాశారు, ఎంతమంది పాసయ్యారు, ఎంతమంది మధ్యలో మానేశారు, ఎంతమంది చనిపోయారు, ఇవన్నీ ప్రకటనల్లో మార్కులు ఎంత పెద్ద అక్షరాల్లో వేస్తే అంత పెద్ద అక్షరాల్లోనే వేయాలని ఉత్తర్వు ఇవ్వండి. మీరు ఇచ్చేదాకా అమ్మలూ నాన్నలే ఆ పని చేయాలి. పీఆర్వో గారు ఇంటికొచ్చి బ్రోచరు విప్పగానే ఎంతమందిలో అని అడగండి. జవాబు చెప్పలేని కాలేజీలో మీ పిల్లల్ని చేర్చకండి.