గళ్లు గీసే ముందు గట్టు తొక్కాలి

మా రోజుల్లో భూమి లెక్క నేర్వాలంటే ముందు చెప్పులు అరగాలి. కరణం వెనకాల ఎండలో తిరిగి సర్వే రాళ్లు చూడాలి. ఎవరి గట్టు ఎక్కడ తెగుతుందో, ఎవరి బావిలో ఎవరికి వాటా ఉందో చెవిన వేసుకోవాలి. ఊరి సాగు లెక్కల పుస్తకం అడంగల్ మీద కలం పెట్టనిచ్చేది ఆ తర్వాతే. ఇప్పుడో? మా నంబులపూలకుంటలో అరుగు మీద కూర్చుని సైటు తెరవడం, ఈమెయిల్‌తో లాగిన్ కావడం, ‘కొత్త మోడల్’ అని నొక్కడం. అంతే, డేటాబేస్ మొదలైపోయింది!

మా మనవడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. డేటాబేస్ కట్టేముందు దాని బొమ్మ గీసుకునే ఆన్‌లైన్ టూల్ నేర్చుకుంటున్నాడు. సాధనకు మా ఊరి భూములే దొరికాయి వాడికి. ఒక డబ్బా గీసి ‘రైతు’ అన్నాడు, ఇంకోటి గీసి ‘పొలం’ అన్నాడు, మధ్యన గీత లాగాడు. ‘‘ఒక రైతుకు ఎన్నో పొలాలు తాతా, అందుకే ఈ కొసన కాకి కాలు’’ అన్నాడు. గీత కొస మూడుగా చీలితే ‘ఎన్నో’ అని గుర్తట.

‘‘మరి ఒకే పొలానికి ముగ్గురు అన్నదమ్ములు జాయింటు పట్టాదారులైతే నీ కాకి ఎక్కడ వాలుతుందిరా?’’ అన్నాను. తల గోక్కుని, రెంటి మధ్యా మూడో డబ్బా గీసి, ఎవరి వాటా ఎంతో అందులో పెట్టాడు.

సర్వే నంబరు కాలమ్‌కేమో ‘ఇంటీజర్’ అని తగిలించాడు. పొలం పంచుకుంటే 212 కాస్తా 212-1, 212-2ఏ అవుతుంది. ఆ ‘ఏ’ని అంకెల్లో ఎక్కడ దూరుస్తాడు? సర్వే నంబర్లను కూడేదీ లేదు, తీసేదీ లేదు. విస్తీర్ణం సంగతి మరీ చోద్యం. ‘రెండూ ముప్పై’ అంటే మాకు రెండెకరాల ముప్పై సెంట్లు. సరిహద్దు దాటి కర్ణాటకలో అడిగితే రెండెకరాల ముప్పై గుంటలు. ఇక్కడ ఎకరాకు 100 సెంట్లు, అక్కడ 40 గుంటలు. వాళ్ల రెండూ ముప్పై మన లెక్కలో 2.75. ఈ ముక్క ఏ టూలూ చెప్పదు.

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండింది ‘యజమాని’ అని ఒకే కాలమ్ పెట్టినందుకు. అడంగల్‌లో పట్టాదారుకు ఒక కాలమ్, సాగుచేసే అనుభవదారుకు ఇంకో కాలమ్ ఊరికే పెట్టలేదు. మా మండలంలో సోలార్ పార్కు వచ్చి, 2016లో ఎన్‌టీపీసీ 250 మెగావాట్ల ప్లాంటు నడవడం మొదలైంది. పట్టా ఎవరిది, సాగు ఎవరిది అన్న మాటకు అలా భూములు తీసుకునేటప్పుడే విలువ తెలిసేది. రెండో కాలమ్ లేని బొమ్మలో చెనక్కాయ పండించినవాడు అసలు లేనే లేడు!

‘‘ఈ సంబంధాల బొమ్మలు 1976లో పీటర్ చెన్ రాసిన పేపర్‌తో వచ్చాయి తాతా’’ అని నాకే పాఠం చెప్పాడు. రానీ. ఆ సంబంధాలు మా పుస్తకాల్లోనూ ఉన్నాయి. పట్టాదారుల పుస్తకం 1-బిలో ఖాతా నంబరు వారీగా మనిషి, అడంగల్‌లో సర్వే నంబరు వారీగా నేల. రెండు పుస్తకాలనూ కలిపేది ఆ నంబర్లే. వాడు ‘కీ’ అంటాడు, మేం నంబరు అనేవాళ్లం.

పాతదంతా బంగారమని నేననను. దస్త్రం కరణం ఇంట్లో కట్ట కట్టి ఉండేది, ఆయన మనసు బాగుంటేనే మూట విప్పేవాడు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాలను తీసేసినప్పుడు ఏడ్చినవాళ్లకన్నా ఊపిరి పీల్చుకున్నవాళ్లే ఎక్కువ. ఇప్పుడు ప్రభుత్వ మీభూమి సైటులో ఎవరి అడంగల్ వాళ్లు ఫోన్లోనే చూసుకుంటున్నారు. మనవడి టూలూ తక్కువదేమీ కాదు. లింకు పంపితే నలుగురూ ఒకే బొమ్మ చూస్తారు, ఒక్క నొక్కుతో టేబుళ్లు కట్టే కోడ్ రాసిస్తుంది. కానీ మేం పేరు మారిస్తే పాత పేరు మీద ఎర్రసిరాతో గీత కొట్టి పొట్టి సంతకం పెట్టేవాళ్లం, కింద పాత పేరు కనబడుతూనే ఉండేది. వీడి టేబుల్లో కొత్త పేరు ఎక్కితే పాతది మాయం. మార్పుల చరిత్రకు వేరే టేబుల్ పెట్టించేదాకా నేను కాఫీ తాగలేదు.

కొత్తగా మొదలుపెట్టే పిల్లలూ, లాగిన్ తర్వాత కావచ్చు. ముందు ఆ లెక్క చేత్తో రాసే మనిషి పక్కన కూర్చోండి. ఏ కాలమ్‌లోనూ పట్టక, విసుక్కుంటూ ‘రిమార్కులు’ కింద ఆయన ఏం ఇరికిస్తున్నాడో చూడండి. మీ మోడల్లో లేని టేబుల్ అదే.