దుప్పటి కింద బొగ్గు

మే నెల వచ్చిందంటే గజపతినగరంలో రాత్రి పదింటికి బాబుగారు గది తలుపు బిడాయించుకుంటారు. ఏసీని 16కు దించి, వణుకు పుట్టాక బీరువాలోంచి దుప్పటి తీసి ముసుగు తన్నుతారు. పూర్వం చలికాలం దానంతటదే వచ్చేది. ఇప్పుడు బిల్లు కట్టి తెప్పించుకుంటున్నాం.

గోడకు అవతల పక్కింటి మామ్మ నులకమంచం. గదిలోని వేడిని తోడి, తన మోటారు వేడి కూడా కలిపి, ఏసీ పెట్టె ఆ మంచం మీదికే ఊదుతుంది.

"ఏటి బాబూ, మీ గోడకాడి నుంచి సెగ కొడతంది!"

"ఎండలలా ఉన్నాయి మామ్మా. అంతా వాతావరణ మార్పు!"

అబద్ధమేం కాదు. కాకపోతే ఆ మార్పుకు బాబుగారి మీటరు కూడా తన వంతు తిరుగుతోంది.

టన్నున్నర ఏసీ రాత్రంతా ఆడితే ఏడెనిమిది యూనిట్లు. మన కరెంటులో పెద్ద వాటా బొగ్గుదే. బొగ్గు కరెంటు ఒక్క యూనిట్‌కు ముప్పాతిక కిలోకు కాస్త తక్కువ బొగ్గు కాలుతుంది, దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. అంటే దుప్పటి కింద రాత్రికి ఐదు కిలోల బొగ్గు. పరవాడలోని 2,000 మెగావాట్ల సింహాద్రి ప్లాంటుకు ఈ బొగ్గు ఒడిశాలోని తాల్చేరు నుంచి రైళ్లలో వస్తుంది. అదే బొగ్గును నెలకోసారి బస్తాల్లో తెచ్చి బాబుగారి హాల్లో తెల్ల టైల్స్ మీద కుమ్మరిస్తే ఏమంటారో చూడాలని నా కోరిక. తీగల్లో వస్తే మసి అంటదు కదా!

మామ్మ ఇంట్లో ఒక ఎల్‌ఈడీ బల్బు, ఒక ఫ్యాను. ఆ ఫ్యాను రాత్రంతా తిరిగినా యూనిట్ దాటదు. బల్బు ఆర్పి భూమిని కాపాడమన్న ఉపన్యాసం మాత్రం ఆవిడకే. చెప్పేది కారు ఇంజను ఆపకుండా దిగొచ్చిన సారు.

ఇక పొరుగు జిల్లా సంగతి. సోంపేటలో బీల (చిత్తడి) భూములను బొగ్గు థర్మల్ ప్లాంటుకు ఇవ్వబోమన్న జనం మీద 2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరిపారు. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్లీ అదే. ప్రాణాలు పోయాయి. టీవీలో చూసి అయ్యో అనుకున్నాం, ఫ్యాను ఇంకో పాయింటు పెంచుకుని.

హుద్‌హుద్ తుపాను గుర్తుందా? 2014 అక్టోబరు 12. రోజుల తరబడి కరెంటు లేక విసనకర్రలు వెతుక్కున్నాం. వేడెక్కిన సముద్రం తుపానుకు మేత అని విని బుద్ధిగా తలలూపాం. కరెంటొచ్చింది. విసనకర్ర అటకెక్కింది, ఇన్వర్టరు ఇంట్లోకొచ్చింది.

"అమెరికా వాడి ముందు మనమెంతండీ?" అంటారు బాబుగారు. నిజమే, తలసరి కార్బన్‌లో వాడు మనకు ఏడింతలు. కానీ ఆ సగటులో బాబుగారిని సాధువుగా చూపిస్తున్నది మామ్మ తల. ఈయన వాడకాన్ని ఆవిడ లేమితో భాగించి లెక్క తేలుస్తున్నాం.

2020 జనవరి 1 నుంచి స్టార్ గుర్తున్న గది ఏసీలు వేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని నిబంధన. డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. 24 నుంచి 16కు దించాలంటే రిమోట్ ఎనిమిదిసార్లు నొక్కాలి. బాబుగారు ఏ రాత్రీ బద్ధకించలేదు.