పదమూడు మెట్ల పియానో

నేను పియానోని. తీగలు లేవు, చెక్క లేదు, ఒళ్లంతా అట్టే. 2018 ఏప్రిల్‌లో నింటెండో ‘లాబో’ పేరుతో తెచ్చిన వెరైటీ కిట్‌లో పుట్టాను. అట్టతో బేరం ఆ కంపెనీకి కొత్త కాదు లెండి. 1889లో క్యోటోలో పేకముక్కలు చేస్తూనే మొదలైంది. కిట్‌లోని 28 అట్ట షీట్లను విడదీసి, మడిచి, ఒకదాంట్లో ఒకటి దూర్చుకుంటూ పోతే రిమోట్ కార్లు, గేలం, ఇల్లు, మోటార్‌సైకిల్, నేను. న్యూజెర్సీలోని ఈ ఇంట్లో పాప, వాళ్ల నాన్న ఓ ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుంటే గానీ నాకో రూపు రాలేదు.

“డెబ్బై డాలర్లు పోసి అట్టపెట్టె కొన్నావట్రా!” అంది నాయనమ్మ. కట్టడం అయ్యాక ఆడటానికి ఏముందని అడిగేవాళ్లందరిదీ ఇదే గోల. కారు సంగతి నిజంగా అంతే: రెండు పక్కలా జాయ్‌కాన్‌లనే గేమ్ కంట్రోలర్లు తగిలిస్తే వాటి అదురుకే గజగజలాడుతూ కదులుతుంది, పావుగంటలో మొహం మొత్తుతుంది. అట్ట ఇంట్లోనూ ఓ వింత జంతువు, నాలుగు చిన్న ఆటలు. గేలం ఫరవాలేదు, సొరచేప పడేదాకా పిల్లలు వదలరు.

నా వెనక మూత తీసి చూడండి. ప్రతి మెట్టు వెనకాలా ఓ మెరిసే స్టిక్కర్ ముక్క ఉంటుంది. మెట్టు నొక్కగానే ఏ ముక్క కదిలిందో కుడి జాయ్‌కాన్‌లోని ఇన్‌ఫ్రారెడ్ కెమెరా కనిపెడుతుంది, నాలో పెట్టిన గేమ్ యంత్రం తెర ఆ స్వరం మోగిస్తుంది. పైన బిరడా మారిస్తే అదే మెట్టు పిల్లిలా మ్యావ్ అంటుంది. కాగితం అంచును వంకరటింకరగా కత్తిరించి నాలో దూర్చారా, ఆ వంకరే ధ్వని తరంగమవుతుంది. ఆట ఎన్ని గంటలని లెక్కకట్టేవాళ్లు దీన్ని ఏ పద్దులో రాస్తారో!

నాకున్నవి 13 మెట్లు. పన్నెండు స్వరస్థానాలకూ పై షడ్జానికీ సరిగ్గా సరిపోయాయి. అది గమనించింది నాయనమ్మే. మాయామాళవగౌళలో సరళీ వరుసలు మొదలుపెట్టించింది, అదీ పిల్లి గొంతుతో! గమకం సరిగా పలకదని విసుక్కుంటూనే రోజూ పాపను కూర్చోబెట్టేది. హెచ్చుస్థాయి వరుసల దగ్గరకొచ్చేసరికి నా మెట్లు అయిపోయాయి.

“పై రిషభం ఏదే?”

పాప టాయ్‌కాన్ గ్యారేజ్ తెరిచింది. ఇది నొక్కితే అది మోగాలని గీతలు కలుపుకుంటూ ఎవరి ఆట వాళ్లే కట్టుకునే చోటది. ఇంత సరుకూ మెనూలో ఓ మూలన పడి ఉంటే కిట్‌లో ఏమీ లేదనుకోరూ మరి! తెరను నాలోంచి పీకి, మిగిలిపోయిన అట్ట మీద ఆనించి, దాని మీద నొక్కడానికి మూడు చోట్లు కుదిర్చింది: రి, గ, మ. గాంధారం శ్రుతిలో లేదని నాయనమ్మ ఒప్పుకోలేదు. పాప మళ్లీ గీతలు కలుపుతోంది.