బుట్టలో బలం, తరాజులో బిడ్డ

పుట్టిన బిడ్డ రెండున్నర కిలోలకు తక్కువ తూగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది తక్కువ బరువు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో నూటికి 18 మంది పిల్లలు ఈ గీతకు కిందే పుడుతున్నారు. వాళ్లను గీత దాటించే బాధ్యతను తెలంగాణలో 2022 డిసెంబరులో ఒక ప్లాస్టిక్ బుట్టకు అప్పగించారు.

కేసీఆర్ న్యూట్రిషన్ కిట్ అనే ఆ బుట్ట, గర్భిణుల్లో రక్తహీనత ఎక్కువగా ఉన్న తొమ్మిది జిల్లాల్లో మొదలైంది. అందులో వికారాబాద్ ఒకటి. అనంతగిరి గుట్టల మీద మంచి గాలి పీల్చుకోవడానికి ఆదివారం వస్తే హైదరాబాదంతా తరలివచ్చే జిల్లా ఇది. రక్తం లెక్కకొచ్చేసరికి మాత్రం ఆసిఫాబాద్, ములుగు జిల్లాల పక్కన పీట వేసుకుని కూర్చుంది. గాలిలో ఇనుము ఉండదు కదా.

బుట్టలో కిలో పోషకాల పొడి, కిలో ఖర్జూరం, అరకిలో నెయ్యి, మూడు సీసాల ఐరన్ సిరప్, నులిపురుగుల గోలీ, ఒక కప్పు. ఖరీదు దాదాపు రెండు వేల రూపాయలు. నాలుగో నెలలో పడ్డాక ఒకటి, ఏడు నిండాక ఇంకొకటి. పంచే రోజున బుట్టకు ఒకవైపు గర్భిణి, మరోవైపు ప్రజాప్రతినిధి నిలబడటం ఆనవాయితీగా ఉండేది. ఫొటో అయ్యాక బుట్ట ఇంటికి చేరేది. అక్కడ అత్తకు నీరసం, మరిదికి పరీక్షలు, పెద్ద పిల్లకు పాలల్లో ఆ పొడి పడితేనే గొంతు దిగేది. నెయ్యి సంగతి చెప్పనక్కర్లేదు. ఎవరికీ అక్కర్లేని సిరప్ మాత్రం ఎవరి కోసం వచ్చిందో వారికే మిగిలేది.

2023 జూన్‌లో పథకం రాష్ట్రమంతటికీ పాకింది. డిసెంబరులో బుట్ట మీది పేరుగల ముఖ్యమంత్రి దిగిపోయి, ఇదే వికారాబాద్ జిల్లాలోని కొడంగల్ నుంచి గెలిచిన వారు ముఖ్యమంత్రి అయ్యారు. హిమోగ్లోబిన్‌కు పార్టీ లేదు గానీ, బుట్టకు ఉంటుంది.

అసలు చిక్కు బుట్ట వచ్చే వేళలో ఉండేది. కడుపులో బిడ్డ వెన్నుపాము గొట్టం మూసుకునేది గర్భం నిలిచిన 28 రోజుల్లోపే. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తేలదు. అందుకే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ గర్భానికి ముందు నుంచే మింగాలంటారు. తిండి సంగతీ అంతే. ముంబయి మురికివాడల్లో ఆకుకూరలు, పండ్లు, పాలతో చేసిన చిరుతిళ్లు రోజూ పెట్టి చూసిన అధ్యయనం 2014లో వెలువడింది. మొత్తం మీద చూస్తే పిల్లల బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గర్భానికి కనీసం మూడు నెలల ముందు నుంచి తిన్నవారికి మాత్రం సగటున 48 గ్రాములు కలిసొచ్చింది. అదీ మరీ బక్కచిక్కిన తల్లులకు దక్కలేదు. బిడ్డ బరువు పెళ్లికి ముందు ఆ పిల్ల తిన్న కంచంలోనే సగం తేలిపోతుందన్నమాట. తెలంగాణలో 20-24 ఏళ్ల ఆడవారిలో 23.5 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయిందని అదే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. తన ఒళ్లే ఇంకా ఎదగని పిల్ల ఇంకో ఒంటిని పెంచాలి. కానీ తల్లీబిడ్డల కార్డు నెల తప్పాకే చేతికొస్తుంది. కార్డు లేని ఆకలికి రిజిస్టరులో గడి లేదు.

ఇక రక్తం గోలీ. 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న ఈ గోలీని నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. దేశంలో అన్ని రోజులూ వేసుకున్న తల్లులు నూటికి 26 మందే. వేసుకోకపోవడానికి కారణాలు గట్టివి: కడుపులో తిప్పుతుంది, విరేచనం నల్లగా అవుతుంది, బిడ్డ కూడా నల్లగా పుడుతుందని పక్కింటి పెద్దమ్మ చెప్పింది, బిడ్డ లావెక్కితే ఆపరేషనే దిక్కని ఎదురింటామె చెప్పింది. ఆశా కార్యకర్త ఇచ్చిన అట్టలు అల్మారాలో బియ్యం డబ్బా వెనక భద్రంగా ఉంటాయి. అల్మారాకు రక్తహీనత వచ్చే ప్రమాదం ఎంతమాత్రం లేదు. బుద్ధిగా వేసుకునేవారిలో కొందరు పొద్దున టీతో మింగుతారు, ఇనుమును ఒంటికి పట్టనివ్వనిదే ఆ టీ. ఇంకొందరు క్యాల్షియం గోలీతో కలిపి ఒకేసారి పని ముగిస్తారు, రెండూ పోట్లాడుకుని ఇనుము ఓడిపోతుంది. తెలంగాణ గర్భిణుల్లో సగానికి పైగా, 53 శాతం మందికి, రక్తం తక్కువే.

అంగన్‌వాడీలో 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి భోజనం ఉంది: అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. మంచి భోజనమే, సందేహం లేదు. షరతల్లా కేంద్రానికి వచ్చి కూర్చుని తినాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు కంది చేలో కలుపు తీసే మనిషి, వికారాబాద్ జిల్లా తాండూరు నాపరాళ్ల గనిలో తట్ట మోసే మనిషి ఆ గుడ్డు కోసం ఊళ్లోకి వచ్చి పోతే సగం కూలి పోతుంది. హాజరు పట్టీకి కూలి రేటు తెలియదు.

కంది అన్నాం గనుక: కిట్ మొదలైన ఆ డిసెంబరులోనే తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు దక్కింది. అందులో మాంసకృత్తులు 22 నుంచి 24 శాతం. ఆ సున్నపురాతి నేలలో పండిన పప్పు నాణ్యమైన సంచుల్లో నగరాలకు రైలెక్కుతుంది. కోసిన చేతులకు మిగిలేది అడుగు కనిపించే పప్పుచారు. ఆ లోటు తీర్చడానికి ఎక్కడో తయారైన పొడి డబ్బా ఎదురొచ్చింది.

కాస్త ఉన్నవారి తిప్పలు వేరు. వికారాబాద్ పట్టణపు కోడలికి మూడో నెల రాగానే మందుల షాపు నుంచి ప్రొటీన్ డబ్బా దిగుతుంది. అతిగా ప్రొటీన్ ఉన్న పొడులు గర్భిణులకు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. వాటితో బిడ్డ బరువు పెరగకపోగా తగ్గే సూచనలు కనిపించాయి. మేలు చేసేది శక్తీ ప్రొటీనూ సమతూకంలో ఉన్న తిండి, అదీ తిండికి కరువున్న చోట. అంటే డబ్బా కొనగలిగిన ఇంటికి దాని అవసరం లేదు, అవసరమున్న ఇల్లు దాన్ని కొనలేదు. పదిహేను సూక్ష్మపోషకాలు కలిపిన గోలీ కూడా ఒకటుంది. ఉత్త ఐరన్, ఫోలిక్ గోలీతో పోలిస్తే అది తక్కువ బరువు కాన్పులను దాదాపు 12 శాతం తగ్గిస్తుందని పరిశోధనల సారం. మన సర్కారు మాత్రం పాత గోలీనే నమ్ముకుంది; దాన్నే ముందు మింగించగలిగితే చాలు.

చివరగా తూకం. ప్రపంచంలో చాలాచోట్ల ఆసుపత్రుల లెక్కలు తీస్తే సరిగ్గా 2,500 గ్రాముల దగ్గర పిల్లలు గుంపు కట్టి కనిపిస్తారు. ప్రకృతికి గుండు అంకెల మీద మోజు లేదు, రిజిస్టరు రాసే చేతికి ఉంది. 2,460 గ్రాముల బిడ్డను రెండున్నర చేస్తే రాతపని తగ్గుతుంది, జిల్లా నివేదిక తేటగా ఉంటుంది, కలెక్టరేట్ సమీక్షలో ఎవరూ నిలదీయరు. ఆ నలభై గ్రాములు ఏ పొడీ నెయ్యీ లేకుండా, కలం ఒక్కదానితోనే పెరుగుతాయి.